ఒక చిన్న ఇంగ్లీషు పల్లె పారిష్ చరిత్రను తయారుచేయడం ఎలా: ఈమ్ గ్రామం ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువారు ఏ పల్లెకు వెళ్లినా ఊరి నడుమ ఒక పాత రాతి చర్చి, దాని చుట్టూ పక్కకు ఒరిగిన సమాధి రాళ్లు కనిపిస్తాయి. ఆ రాళ్ల మీది పేర్లు చదువుతూ నిలబడినవారిలో కొందరికైనా ఈ ఊరి కథ పూర్తిగా తెలుసుకోవాలన్న కోరిక పుడుతుంది. ఆ కోరిక ఉన్నవారి కోసం, అలాగే హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఇంగ్లండు చరిత్రను వివరంగా చదువుకునే విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. డెర్బీషైర్ కౌంటీలో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఉన్న ఈమ్ అనే గ్రామాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. 1665, 1666 సంవత్సరాల్లో ప్లేగు వచ్చినప్పుడు తన చుట్టూ తానే గిరి గీసుకున్న ఊరుగా దానికి పేరుంది. అంత పేరున్న కథ కూడా కాగితాల ముందు నిలబెట్టినప్పుడు ఎలా మారుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఊరు నాకు కనబడలేదు.

మన ఊళ్ల చరిత్రకు కైఫీయతులు ఉన్నాయి. కాలిన్ మెకంజీ పంపిన మనుషులు ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ అడిగి, చెప్పినది రాసుకున్నారు. ఇంగ్లీషు పారిష్ కాగితాలు అలా పుట్టలేదు. ఎవరో వచ్చి చరిత్ర చెప్పమని అడిగితే రాసినవి కావు. పన్ను వసూలుకు, పేదల పోషణకు, పెళ్లి నమోదుకు, గొడవ తీర్పుకు రాసినవి. అందువల్ల ప్రతి కాగితం చేతికి రాగానే దీన్ని ఎవరు, ఎవరి కోసం, ఏ అవసరానికి రాశారన్నది ముందుగా అడగాలి. ఈ పని మొత్తానికి పునాది ఆ ప్రశ్నే.

మొదటి మెట్టు: పారిష్ ఎల్లలు తేల్చుకోవడం

పారిష్‌ను మన కతోలిక సంఘాలవారు ‘విచారణ’ అంటారు. ఆ మాట చర్చి సంబంధాన్ని చక్కగానే చెబుతుంది గాని, ఇంగ్లండులో పారిష్ బాధ్యత అంతటితో ఆగలేదు. 1555 చట్టం ప్రకారం రోడ్ల మరమ్మతు పారిష్‌దే. 1601 చట్టం ప్రకారం పేదల పోషణ కూడా పారిష్‌దే. 1894 చట్టం పల్లెలకు ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లను ఏర్పరచి, చర్చి పాలనను, ఊరి పాలనను స్పష్టంగా వేరుచేసింది. కనుక ఒకే పేరుతో రెండు పారిష్‌లు, ఒకటి చర్చిది, ఇంకొకటి పౌర పాలనది, వేర్వేరు ఎల్లలతో ఉండవచ్చు.

పాత ఈమ్ పారిష్‌లో ఈమ్ ఊరు ఒక్కటే కాదు, ఫూలో, ఈమ్ వుడ్‌లాండ్స్ అనే భాగాలు కూడా ఉండేవి. ఈ సంగతి తేల్చుకోకుండా ముందుకు వెళితే, రిజిస్టరులో కనిపించే జననాలు, మరణాలు అన్నీ ఒక్క ఊరివేనని పొరబడి జనాభా తప్పుగా లెక్కవేస్తాము.

పారిష్ పైన ఏ బిషప్పు ఉండేవారన్నది కూడా ఇక్కడే తెలుసుకోవాలి. చాలామంది తడబడే చోటు ఇదే. డెర్బీషైర్ ఈనాడు డెర్బీ బిషప్పు పరిధిలో ఉంది, కానీ ఆ డయోసిస్ 1927లోనే ఏర్పడింది. అంతకు ముందు, 1884 నుంచి, సౌత్‌వెల్. దానికి ముందు శతాబ్దాల తరబడి లిచ్‌ఫీల్డ్. అందువల్ల ఈమ్ చర్చి రిజిస్టర్ల కోసం మ్యాట్‌లాక్‌లోని డెర్బీషైర్ రికార్డు ఆఫీసుకు వెళ్లాలి గాని, 1858కి ముందటి సాధారణ వీలునామాలు, బిషప్పుకు ఏటా పంపిన రిజిస్టరు నకళ్లు మాత్రం లిచ్‌ఫీల్డ్ ఉన్న పక్క కౌంటీ స్టాఫర్డ్‌షైర్‌లో వెతకాలి. పెద్ద ఆస్తిపరుల వీలునామాలు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కోర్టుకు పోయేవి; అవి లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈ మూడు చోట్లను మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాత ప్రయాణాలు వృథా కావు.

రెండో మెట్టు: తెలిసిన కాలం నుంచి వెనక్కి నడవడం

డూమ్స్‌డే బుక్ (1086లో పన్ను కోసం తయారైన లెక్కల పుస్తకం) దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. అలా చేయవద్దని నా గట్టి సలహా. స్పష్టంగా చదవగలిగిన అచ్చు కాగితాలతో మొదలుపెట్టి వెనక్కి వెళితే, ఊరి ఇంటిపేర్లు, పొలాల పేర్లు, వీధుల పేర్లు ముందే నోటికి వచ్చి ఉంటాయి. అప్పుడు పదిహేడో శతాబ్దపు గజిబిజి చేతిరాతలో సగం అక్షరాలు కనిపించినా పేరు పోల్చుకోగలుగుతాము.

జనగణనతో మొదలుపెట్టండి. 1801 నుంచి పదేళ్లకోసారి జనాభాను లెక్కించినా, దేశమంతటా పేరు పేరునా వివరాలు దొరికేది 1841 నుంచే. ఆ ఏడాది పదిహేనేళ్లు దాటినవారి వయసును అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు. 39 ఏళ్ల మనిషి 35 ఏళ్లవాడిగా కనిపిస్తాడు. పుట్టిన పారిష్, కుటుంబ పెద్దతో బంధుత్వం 1851 నుంచి తెలుస్తాయి. నూరేళ్ల గోప్యత నియమం వల్ల 1921 జనగణన 2022 జనవరిలో బయటికి వచ్చింది. 1931 నాటి పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్క తీయలేదు. ఆ ఖాళీని యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు నాటి జనాభా రిజిస్టరు కొంతవరకు పూరిస్తుంది.

మూడో మెట్టు: పారిష్ రిజిస్టర్లు

ఈ పని మొత్తంలో ఎక్కువ రోజులు పట్టేదీ, ఎక్కువ ఫలం ఇచ్చేదీ ఈ మెట్టే. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు వారం వారం రాయాలని, ఆ పుస్తకాన్ని తాళాలున్న పెట్టెలో భద్రపరచాలని ఆజ్ఞ ఇచ్చాడు. పాత చర్చిల్లో ఇప్పటికీ కనిపించే మూడు తాళాల పెట్టె వెనుక ఉన్న ఆలోచన చక్కనిది: ఫాదరు దగ్గర ఒక తాళంచెవి, చర్చి వ్యవహారాలు చూసే ఇద్దరు వార్డెన్ల దగ్గర చెరొకటి, ముగ్గురూ కలిస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. 1598లో ఆ కాగితాలను తోలు పత్రాల మీదికి ఎక్కించమని, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి పాలన మొదలైనప్పటి నుంచి రాయమని ఆదేశం వచ్చింది. చాలా ఊళ్ల రిజిస్టర్లు 1558తో మొదలవడానికి కారణం అదే. ఆ తొలి పేజీలు నకలే గాని మూలం కావని గుర్తుంచుకోవాలి.

1733 దాకా కొన్ని రిజిస్టర్లు లాటిన్‌లో నడిచాయి. భయపడవలసినంత లాటిన్ ఏమీ కాదు: గుల్యెల్ముస్ అంటే విలియం, యాకోబుస్ అంటే జేమ్స్, యోహాన్నెస్ అంటే జాన్, సెపుల్తుస్ అంటే సమాధి అయ్యాడని. ఇరవై ముప్పై మాటలు వస్తే పని నడుస్తుంది. కష్టమంతా చేతిరాతతోనే. పదహారు, పదిహేడు శతాబ్దాల రాతలో ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’ లాగా పొడుగ్గా ఉంటుంది, ‘ఇ’ అక్షరం తిరగబడి ఉంటుంది, ‘హెచ్’ తోక గీత కిందికి దిగుతుంది. రోజుకు పది వరుసలు, అదే ఫాదరు చేతిరాతలో, అచ్చులో ఉన్న ప్రతితో పోల్చుకుంటూ రాసుకోండి. ఒక మనిషి రాత అలవాటైతే ఆయన ఉన్నన్నాళ్ల పేజీలన్నీ తెరుచుకుంటాయి.

ఇక తేదీలు. 1752 దాకా ఇంగ్లండులో చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఈమ్ ప్లేగు విషయంలో దీన్ని మరిస్తే కథ తలకిందులవుతుంది. లండన్ నుంచి వచ్చిన బట్టల పెట్టె ద్వారా ఊళ్లోకి వ్యాధి వచ్చిందని, దర్జీ ఇంట ఉన్న జార్జ్ వికార్స్ మొదట చనిపోయాడని చెబుతారు. ఆయన సమాధి 1665 సెప్టెంబరు 7న జరిగింది. ఆ తర్వాత వచ్చిన జనవరి, ఫిబ్రవరి మరణాలు కూడా పాత లెక్కలో 1665లోనివే. తెలియనివారు వాటిని 1665 జనవరి అని నమోదు చేసుకుంటే, వ్యాధి ఊరికి రాకముందే మనుషులు వరుసగా చనిపోయినట్టు కనబడుతుంది. అందుకని జనవరి 1 నుంచి మార్చి 24 దాకా వచ్చే ప్రతి తేదీకి 1665/66 అని రెండు సంవత్సరాలూ రాసుకోవడం పరిశోధకుల పద్ధతి. 1752లో సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14 అయింది. ఆ నెలలో పదకొండు రోజులు లేకపోవడం రిజిస్టరు లోపం కాదు.

రిజిస్టరు చెప్పనిది కూడా వినగలగాలి. 1666 ఆగస్టు నెల మరణాల్లో హాంకాక్ అనే ఇంటిపేరు మళ్లీ మళ్లీ వస్తుంది. ఎనిమిది రోజుల్లో ఎలిజబెత్ హాంకాక్ తన భర్తను, ఆరుగురు పిల్లలను పోగొట్టుకుంది. ఆ ఏడుగురి పేర్లు మరణాల్లో ఉన్నాయి. వాళ్లను తన చేతులతో సమాధి చేసిందని ఊరు చెప్పుకునే ఆ తల్లి పేరు ఆ జాబితాలో ఉండదు, ఎందుకంటే ఆమె బతికింది. సమాధి అయ్యారని రాసి ఉంది కదా అని చర్చి ఆవరణలో వెతికితే ఆ ఏడుగురూ కనబడరు. ఊరికి బయట, రైలీ అనే చోట, పచ్చిక మధ్య ఒక గుండ్రని రాతి గోడ లోపల వాళ్ల రాళ్లు ఉన్నాయి. కాగితం మీది మాటనూ నేల మీది రాయినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ కథ తెలియదు. రిజిస్టరు చదివిన ప్రతిసారీ ఎవరి పేరు ఇక్కడ ఉండే వీలే లేదని కూడా అడగాలని నేను నేర్చుకున్నది హాంకాక్ కుటుంబం వల్లనే.

తర్వాతి కాలానికి పని సులువవుతుంది. 1754 నుంచి పెళ్లి నమోదులో వధూవరులు సంతకమో వేలిముద్రకు బదులు గీసే గుర్తో పెట్టాలి. ఆ గుర్తులను లెక్కపెడితే ఊళ్లో సంతకం చేయగలిగినవారు ఎందరో దశాబ్దాల వారీగా తేలుతుంది. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్తిస్మం దగ్గర తండ్రి వృత్తి కనిపిస్తుంది. 1642 నుంచి 1660 దాకా, అంతర్యుద్ధమూ రాజు లేని పాలనా నడిచిన కాలంలో, చాలా పారిష్‌ల్లో పేజీలు ఖాళీగా ఉంటాయి. దాన్ని జనం తగ్గారనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: పేదల లెక్కలు

రిజిస్టరులో మనిషి మూడుసార్లు కనిపిస్తాడు: పుట్టినప్పుడు, పెళ్లాడినప్పుడు, పోయినప్పుడు. ఆ మధ్య బతుకు ఉండేది ఓవర్సీర్ల పుస్తకాల్లో. పేదల కోసం పన్ను వేసి, వసూలు చేసి, పంచే బాధ్యత ఊరివాళ్లలోనే ఏడాదికి ఇద్దరు ముగ్గురి మీద పడేది. వాళ్లు ఖర్చులు రాసిన తీరు చూడండి: ఒక వితంతువుకు వారానికి ఇన్ని పెన్నీలు, ఒక పిల్లవాడికి బూట్లు, ఒక ముసలాయనకు కట్టెలు, చివరికి ఆయన శవపేటికకు కొన్ని షిల్లింగులు. ఒకే పేరును పది ఇరవై ఏళ్లు వెంబడిస్తే ఒక బీద జీవితం మొత్తం కనిపిస్తుంది. లెక్కలకు పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. అణాల లెక్క తెలిసిన మన పెద్దలకు ఇది కష్టం కాదు.

1662 నాటి చట్టం ఈ కాగితాలకు ఇంకో కోణాన్ని ఇచ్చింది. కొత్తగా వచ్చిన మనిషి ఏడాదికి పది పౌన్ల కంటే తక్కువ అద్దె ఇంట్లో ఉంటే, రేపు ఊరికి భారమవుతాడన్న అనుమానంతో నలభై రోజుల్లోగా వెనక్కి పంపించవచ్చు. అలా పంపేముందు న్యాయాధికారులు అతణ్ణి విచారించి, ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఏడాది పాటు పాలేరుగా ఉన్నాడు, ఎవరిని పెళ్లాడాడు అన్నవి రాయించేవారు. ఒక్క పైసా కూడబెట్టని కూలీ మనిషి జీవితకథ అతని నోటి మాటగా దొరికేది ఇక్కడే. ఊరి పెద్దల వంశాల గురించి ఎవరైనా రాస్తారు. పారిష్ చరిత్ర రాసేవారు ఈ విచారణ కాగితాలకు ఒక పూర్తి అధ్యాయం ఇవ్వాలని నా విన్నపం. 1834 చట్టం తర్వాత పారిష్‌లు యూనియన్లుగా కలిసి, పేదల బాధ్యత వర్క్‌హౌసులకు, అంటే పేదలను ఉంచి పని చేయించే ఇళ్లకు, పోయింది, ఈ దగ్గరి చూపు అక్కడితో మసకబారుతుంది.

ఒక హెచ్చరిక. ఈ పుస్తకాలు అన్ని పారిష్‌లకూ మిగల్లేదు. మీ పారిష్‌కు లేకపోతే పక్క పారిష్‌వి చూడండి. మీ ఊరి మనుషులు అక్కడి నుంచి వెనక్కి పంపబడి ఉండవచ్చు.

అయిదో మెట్టు: భూమి, పటాలు

1836 నాటి చట్టం చర్చికి పంటలో ఇచ్చే దశమభాగాన్ని డబ్బు చెల్లింపుగా మార్చింది. దానికోసం ప్రతి కమతాన్నీ కొలిచి పటం గీసి, యజమాని, సాగుదారు, పొలం పేరు, విస్తీర్ణం రాశారు. మూడు ప్రతులు తయారయ్యాయి: ఒకటి ప్రభుత్వానికి, ఒకటి బిషప్పుకు, ఒకటి పారిష్‌కు. అందువల్ల ఒకటైనా మిగిలి ఉంటుందని ఆశించవచ్చు. అయితే అంతకు ముందే ఎన్‌క్లోజర్ చట్టాల కింద ఉమ్మడి భూములు పంచుకుని దశమభాగాన్ని తీర్చేసుకున్న పారిష్‌లకు ఈ పటం ఉండకపోవచ్చు; అప్పుడు ఎన్‌క్లోజర్ పటమే ఆధారం. విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పెర్చ్‌లలో ఉంటుంది. నాలుగు రూడ్లు ఎకరం, నలభై పెర్చ్‌లు రూడు. తెలంగాణ లెక్కలో చెప్పాలంటే నాలుగు పెర్చ్‌లు కలిస్తే సరిగ్గా ఒక గుంట.

పటం చేతిలో పట్టుకుని పొలాల్లోకి వెళ్లండి. పీక్ డిస్ట్రిక్ట్‌లో చెల్మార్టన్ లాంటి ఊళ్ల చుట్టూ సన్నగా, పొడుగ్గా సాగే రాతి గోడల మడులు కనిపిస్తాయి. మధ్యయుగంలో ఉమ్మడి పొలంలో ఒక్కొక్క రైతుకున్న పట్టీలనే తర్వాతివారు గోడలతో కట్టేశారు. కొన్నిచోట్ల ఆ పట్టీలు కొద్దిగా వంకర తిరిగి ఉంటాయి. పొడవైన ఎద్దుల బారును గట్టు దగ్గర తిప్పడానికి ముందు నుంచే నాగలిని పక్కకు మళ్లించేవారు.

ఈమ్‌లో భూమి పైన ఉన్నది సగమే. ఆ కొండల కింద సీసపు గనులు ఉన్నాయి. ఆ గనులకు బార్‌మోట్ అనే సొంత కోర్టులు ఉండేవి. ఈమ్ రెక్టరుకు, అంటే పారిష్ ఫాదరుకు, సీసం ముడి ఖనిజం నుంచి కూడా వాటా వచ్చేది. ఒక మారుమూల కొండ ఊరి చర్చి పదవికి అంత గిరాకీ ఎందుకుండేదో ఆ వాటా వల్ల అర్థమవుతుంది. మీ పారిష్‌లో వ్యవసాయం కాక ఇంకేం చేసేవారన్న ప్రశ్న తప్పక వేసుకోండి. రాయి తీయడమో, లేసు అల్లడమో, నేతపనో బయటపడవచ్చు.

ఆరో మెట్టు: మధ్యయుగం

ఇక్కడ తొందరగా నడుస్తాను, ఎందుకంటే చిన్న పారిష్‌కు దొరికేది కొద్దిగానే. 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో ఈమ్ ‘ఐయునే’ అన్న రూపంలో ఉంది. ఆ పుస్తకం పన్ను కోసం తయారైంది. అందులో లెక్కించినది కుటుంబ పెద్దలనే గాని మొత్తం జనాన్ని కాదు. అందులో చర్చి పేరు లేకపోతే ఆ ఊళ్లో చర్చి లేదని అర్థం కాదు. ఈమ్ చర్చి ఆవరణలోని చెక్కడపు రాతి శిలువ డూమ్స్‌డే కంటే పాతది. ఆ తర్వాత 1327, 1332 పన్ను జాబితాలు, 1377 నుంచి 1381 మధ్య వేసిన తలపన్ను, మేనర్ (భూస్వామి ఎస్టేటు) కోర్టు చుట్టలు చూడాలి. మేనర్ పత్రాలు ఎక్కడున్నాయో చెప్పే సూచికను నేషనల్ ఆర్కైవ్స్ నిర్వహిస్తోంది. ఇవి లాటిన్‌లో ఉంటాయి కాబట్టి కౌంటీ రికార్డు సంఘాలు అచ్చువేసిన అనువాదాలతో సరిపెట్టుకోవడంలో తప్పు లేదు.

ఏడో మెట్టు: ఊరు చెప్పే కథను పరీక్షించడం

ప్రతి పారిష్‌కు ఒక కథ ఉంటుంది. ఈమ్ కథ ఇది: 350 మంది ఉన్న ఊరు, రెక్టరు విలియం మాంపెసన్ మాటకు కట్టుబడి ఎల్ల దాటకుండా ఉండిపోయింది, అందులో 260 మంది చనిపోయారు. ఇప్పుడు కాగితాలను పిలుద్దాం. మాంపెసన్ స్వయంగా 1666 నవంబరులో రాసిన లేఖలో 76 కుటుంబాలకు వ్యాధి సోకిందని, 259 మంది పోయారని ఉంది. చర్చిలోని జాబితాలో 273 పేర్లు ఉన్నాయి. ఈ రెండింటి తేడా చిన్నదే, దాని వల్ల కథ చెడదు. అసలు చిక్కు 350 అన్న అంకెతో. 1662 నుంచి 1689 దాకా ఇంటి పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున పన్ను ఉండేది. ఆ జాబితాలోని ఇళ్లను, పన్ను మినహాయింపు పొందిన పేదల ఇళ్లతో సహా, లెక్కించి ఇంటికి నాలుగున్నర మంది చొప్పున వేసుకోవడం చరిత్రకారుల పద్ధతి. అలాంటి జాబితాలను, రిజిస్టర్లను కలిపి చూసిన తర్వాతి పరిశోధకులు పారిష్ జనాభా 700, 800 మధ్య ఉంటుందని, నాలుగు వందల మందికి పైగా బతికారని తేల్చారు.

దీనితో ఊరి త్యాగం తగ్గిందా? నాకు అలా అనిపించదు. మూడింట ఒక వంతు మనుషులు ఏడాదిలో పోవడం ఏ ఊరికైనా భరించరానిదే. కానీ కథలో మూలన ఉండిపోయినవారు ముందుకు వస్తారు. 1660లో రాజు తిరిగి వచ్చాక పదవి కోల్పోయిన పాత రెక్టరు థామస్ స్టాన్లీ ఊళ్లోనే ఉన్నాడు. జనంలో చాలామంది ఆయన మాట వినేవారే కనుక, ఆయన తోడు లేకుండా మాంపెసన్ ఆ నిర్ణయాన్ని నిలబెట్టగలిగేవాడు కాదు. మాంపెసన్ తన ఇద్దరు పిల్లలను ముందే ఊరు దాటించాడు. భార్య కాథరీన్ మాత్రం ఆయనతోనే ఉండిపోయి 1666 ఆగస్టులో చనిపోయింది. ఈ రెండు సంగతులూ రాయాలి, ఒకదాన్ని దాచకూడదు.

స్టోనీ మిడిల్టన్ దారిలో ఉన్న ఎల్ల రాయి దగ్గర ఒకసారి ఆగండి. ఆ బండలో గుండ్రని గుంటలు ఉన్నాయి. పక్క ఊళ్లవాళ్లు తెచ్చిపెట్టిన తిండికి ఈమ్ వాళ్లు ఇచ్చే నాణేలను ఆ గుంటల్లో, వెనిగర్‌లో ముంచి ఉంచేవారని చెబుతారు. వేలు పెట్టి చూస్తే అంచులు నున్నగా తగులుతాయి. చూడటానికి వచ్చేవారి వేళ్లు కూడా వాటిని అరగదీసి ఉంటాయి. కాబట్టి ఆ నునుపును 1666 సాక్ష్యంగా రాయకండి, సంప్రదాయం ఇలా చెబుతుందని రాయండి.

ఎనిమిదో మెట్టు: రాయడం, అప్పగించడం

ప్రతి వాక్యానికీ ఆధారం ఏ పత్రంలో, ఏ పేజీలో ఉందో పక్కన రాసుకుంటూ పోండి. తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నవి దొరకవు. ఇంటిపేర్లను రిజిస్టరులో ఉన్న రూపంలోనే ఉంచి, సూచికలో అన్ని రూపాలనూ ఒక చోట చేర్చండి. ఒకే మనిషి పేరు ఒకే పేజీలో రెండు విధాలుగా రాసి ఉండటం మామూలే. నిశ్చయమైనదీ, సంభవమైనదీ, ఊరు చెప్పుకునేదీ మూడు వేర్వేరు క్రియలతో రాయండి: ‘జరిగింది’, ‘జరిగి ఉండవచ్చు’, ‘జరిగిందంటారు’. తెలుగులో ఈ తేడా ఒక్క క్రియాపదం చివరనే తేలుతుంది కాబట్టి మన భాషలో రాసేవారికి ఇది ఇంకా సులువు. నూరేళ్ల లోపు సంగతుల్లో బతికి ఉన్నవారి కుటుంబ వివరాలు, ముఖ్యంగా పుట్టుక, పిచ్చాసుపత్రి, జైలు సంబంధమైనవి, వదిలేయండి.

పూర్తయిన ప్రతిని అచ్చుకు ఇచ్చేముందు చర్చి వార్డెన్‌కు, ఆ ఊళ్లో ఎక్కువ కాలం ఉన్న ఒక పెద్దమనిషికి చదవడానికి ఇవ్వండి. పొలం పేరును ఈనాటికీ ఎలా పలుకుతారో వాళ్లు చెబుతారు. తర్వాత ఒక ప్రతిని కౌంటీ రికార్డు ఆఫీసుకు, ఒకటి చర్చికి ఇచ్చి, మీరు రాసుకున్న రిజిస్టరు నకళ్లను కూడా పుస్తకంతో పాటే అప్పగించండి.